బర్టన్ కొట్టంలో పుట్టిన పాటలు

హ్యూస్టన్ నుంచి ఆస్టిన్ వెళ్లే 290 రోడ్డు ఇక్కడి మనవాళ్లకు కొత్త కాదు. వసంతం వస్తే బ్రెన్‌హామ్ దాకా వెళ్తాం. బ్లూబానెట్ పూల మధ్య పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటోలు తీస్తాం, ఐస్‌క్రీమ్ తిని వెనక్కి వచ్చేస్తాం. ఇంకో పావుగంట ముందుకు పోతే బర్టన్ అనే చిన్న ఊరు. అక్కడ ఓ బార్న్‌లో, అంటే మన పశువుల కొట్టం లాంటి దాంట్లో రికార్డయింది 'ది యూనివర్స్ స్మైల్స్ అపాన్ యు'. హ్యూస్టన్ బ్యాండ్ క్రుంగ్‌బిన్ 2015 నవంబరులో తెచ్చిన మొదటి ఆల్బమ్ ఇది.

సైకెడెలిక్, స్పేస్ రాక్ అంటే చాలామందికి గుర్తొచ్చేది 1967లో వచ్చిన పింక్ ఫ్లాయిడ్ మొదటి ఆల్బమ్. చెవులు దిమ్మెక్కే హోరు, ఎక్కడికో తీసుకుపోయే వాయింపు. ఇక్కడ ఆ హోరు లేదు. గిటార్, బేస్, డ్రమ్స్, అంతే. పది ట్రాకుల్లో చాలావాటికి మాటలే లేవు. గిటార్ ఒక స్వరం పలికి, దాని ప్రతిధ్వని సన్నగిల్లేదాకా ఆగుతుంది. శూన్యంలో తేలుతున్నట్టు అనిపించేది ఆ ఖాళీ వల్లే. బయట అర్ధరాత్రి, లోపల కోడ్ రిలీజ్ ఉన్నప్పుడు నాకు ఇంతకంటే మంచి తోడు దొరకలేదు.

గిటారిస్ట్ మార్క్ స్పీర్, డ్రమ్మర్ డొనాల్డ్ జాన్సన్ ఇద్దరూ హ్యూస్టన్‌లోని ఒక చర్చి బృందంలో కలిసి వాయించినవారు. లారా లీ బేస్ నేర్చుకున్నది స్పీర్ దగ్గరే. ఆమెకు థాయ్ భాష మీద ఇష్టం. ఆ భాషలో విమానాన్ని క్రుంగ్‌బిన్ అంటారు. పలకడానికి తిప్పలు పెట్టే ఆ పేరునే బ్యాండ్‌కు పెట్టుకున్నారు. బర్టన్ వెళ్లే దారంతా కార్లో వినేది 1960లు, 70ల నాటి థాయ్ పాటలట. మొదటి ఆల్బమ్ వచ్చిన తొమ్మిదేళ్లకు గ్రామీ వాళ్లు వీళ్లను 'ఉత్తమ నూతన కళాకారుల' విభాగంలో నామినేట్ చేశారు. నూతన కళాకారులట!

అసలు విశేషం ఆ థాయ్ పాటల్లో ఉంది. ఇంగ్లండ్ గిటార్ బృందం ది షాడోస్‌ను విని థాయ్ కుర్రాళ్లు బ్యాండ్లు కట్టారు. ఆ రకం సంగీతానికి అక్కడ 'వాంగ్ షాడో' అనే పేరే స్థిరపడింది. వియత్నాం యుద్ధం రోజుల్లో అక్కడి స్థావరాల్లో దిగిన అమెరికన్ సైనికుల వెంట సోల్, రాక్ కూడా చేరాయి. వాటిని తమ బాణీల్లో కలిపేసుకున్నారు. పడమటి నుంచి వెళ్లిన గిటారు థాయ్ యాస నేర్చుకుని, నలభై ఏళ్ల తర్వాత టెక్సస్ పొలంలో దిగిందన్నమాట.

మనకూ ఆ గిటారు వచ్చింది. ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన 70ల నాటి క్లబ్ పాటలు వినండి. కార్లో 'టూ ఫిష్ అండ్ ఆన్ ఎలిఫెంట్' తర్వాత అలాంటి పాట ఒకటి పెడితే మా అబ్బాయి ఫోన్ పక్కన పెట్టాడు. తెలుగు పాటలంటే వెనక సీట్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే పిల్లాడు వాడు. "నాన్నా, ఆ గిటార్ ఎవరిది?" అన్నాడు.

థాయ్ పాత పాటలు టెక్సస్ దాకా వచ్చాయంటే, ఆ క్యాసెట్లను ఎవరో దాచి, డిజిటల్ చేసి, వివరాలు రాసి నలుగురికీ అందుబాటులో పెట్టబట్టే. మన దగ్గర ఆ పని ఇంకా చాలా మిగిలి ఉంది. మద్రాసు స్టూడియోల్లో గంటల తరబడి వాయించిన వాద్యకారుల్లో ఇంకా ఉన్నవాళ్లను ఇప్పుడే అడగాలి. మన అటకల మీది క్యాసెట్ అట్టలు సాయం చేయవు. ఇండియా నుంచి తెచ్చుకున్న పెట్టెలో ఆ సాయంత్రం నేనూ వెతికాను. సినిమా పేరు, సంగీత దర్శకుడు, గాయకులు, రచయిత, కంపెనీ, ధర అన్నీ ఉన్నాయి. గిటారు వాయించిన మనిషి పేరు ఒక్క అట్ట మీదా లేదు.