చిట్టి హెలికాప్టర్‌కు సిబ్బందే ప్రాణం

వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం విరివిగా వాడిన హెలికాప్టర్ హ్యూయీ. దళాలను చేరవేసే రకంలో ప్రధాన రెక్కల వ్యాసం 14.63 మీటర్లు. 35వ వంతు ప్లాస్టిక్ నమూనాలో అది సుమారు 42 సెంటీమీటర్లకు, మనిషి ఎత్తు 5 సెంటీమీటర్లకు తగ్గుతాయి. ఆ చిన్న మనుషులను సరిగా కూర్చోబెట్టడంలోనే తయారీదారుల నేర్పు తెలుస్తుంది.

హ్యూయీలో సాధారణంగా నలుగురు సిబ్బంది ఉండేవారు. ముందు ఇద్దరు పైలట్లు, వెనుక తెరిచిన తలుపుల వద్ద ఎం-60 మెషిన్‌గన్లతో క్రూ చీఫ్, గన్నర్. నడిపే పైలట్ కుడిచేయి మోకాళ్ల మధ్యనున్న సైక్లిక్ కడ్డీపై, ఎడమచేయి ఆసనం పక్కనున్న కలెక్టివ్ మీటపై, పాదాలు పెడళ్లపై ఉండాలి. యుద్ధవిమాన పైలట్ బొమ్మను తెచ్చి కూర్చోబెడితే ఈ అమరిక కుదరదు.

బొమ్మలను ముందుగా జిగురు లేకుండా కూర్చోబెట్టి చూడాలి. హెల్మెట్ పైకప్పుకు తగిలితే బొమ్మ అడుగుభాగాన్ని అరగదీయాలి. రంగులు వేసి, సిబ్బందిని బిగించాకే హెలికాప్టర్ రెండు సగాలను అతికించాలి. తర్వాత లోపలికి వేలు కూడా దూరదు.

రెక్కలూ సిబ్బందికి అనుగుణంగానే ఉండాలి. ఆగి ఉన్నప్పుడు వాటి కొనలు కిందికి వాలుతాయి, ఎగిరేటప్పుడు పైకి లేస్తాయి. సిబ్బంది గాలిలో పోరాడుతున్నట్లు చూపి రెక్కలను వాల్చేస్తే, ఎంత చక్కటి రంగులు వేసినా ఆ నమూనా అబద్ధం చెప్పినట్లే.