డీజిల్లో నీళ్లు చేరితే

2020 అక్టోబరు 13న హైదరాబాదులో కుండపోత వాన పడింది. పల్లెచెరువుకు గండి పడింది. పాతబస్తీలో అల్‌జుబైల్ కాలనీ మునిగింది. ఇళ్ల ముందు నిలిపిన బండ్లు కూడా మునిగాయి.

అట్లా మునిగిన ట్రాక్టరు ట్యాంకులోకి నీళ్లు పోవచ్చు. వరద రాకున్నా, మూత సరిగా లేకుంటే వాన నీళ్లు దిగుతాయి. నీళ్లు డీజిల్ కంటే బరువు. అందుకే అడుగున చేరతాయి.

ఎట్లా తెలుస్తుంది?

బండి స్టార్టు కాదు. అయినా ఆగి ఆగి నడుస్తుంది. తెల్లపొగ రావచ్చు.

ఏం చేయాలి?

1. సెల్ఫ్ కొట్టకండి. డీజిల్ పంపుకు డీజిలే జిడ్డు. నీళ్లలో ఆ జిడ్డు లేదు. పంపు అరుగుతుంది, తుప్పు పడుతుంది.

2. ట్యాంకు కింది నట్టు వదులు చేయండి. వచ్చింది గాజుసీసాలో పట్టండి. కాసేపు కదపకండి. నీళ్లుంటే అడుగున వేరుగా కనిపిస్తాయి. మంచి డీజిల్ వచ్చేదాకా వదలండి. దగ్గర బీడీ కాల్చవద్దు.

3. ఫిల్టరులో నీళ్లు కూడా తీయండి. కొత్త ఫిల్టరు వేయండి.

4. గాలి తీయండి. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి చేతిపంపు కొట్టండి. బుడగలు ఆగాక బిగించండి.

ఇంజను కూడా మునిగితే మీరు ముట్టకండి. మెకానిక్కును పిలవండి.

గుర్తుంచుకోండి: ఫిల్టరు మారిస్తే కొద్ది ఖర్చు. పంపు చెడితే ఎన్నో రోజుల కూలి పోతుంది. పని అయ్యాక సాయంత్రమే ట్యాంకు నింపండి. ఖాళీ ట్యాంకులో రాత్రి చలికి చెమ్మ పడుతుంది.

ఆలోచించండి: మీ బండి ట్యాంకు మూత గట్టిగా ఉందా?