గజ్జలయందలి నాడి

నాడి చూచుట యనగానే మనకు మణికట్టు జ్ఞప్తికి వచ్చును. వైద్యుడు వచ్చి కూర్చుండగానే పురుషుడైనచో కుడిచేతిని, స్త్రీయైనచో ఎడమచేతిని చాచుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న వాడుక. ఆ వాడుకను మేము తప్పుపట్టుట లేదు. కాని శరీరములో నాడి చేతికి తగులు తావులు మఱికొన్ని గలవు. మెడప్రక్కను, మోచేతి మడతయందు, మోకాలి వెనుకను, పాదముమీదను అది కొట్టుకొనుచుండును. తొడమొదలు పొత్తికడుపుతో కలియు మడతకు, అనగా గజ్జకు, నడిమిభాగమున కొంచెము దిగువగా రెండు వ్రేళ్ల నుంచి నొక్కిచూచినచో అక్కడను బలమైన నాడి యొకటి తెలియవచ్చును. దీనిని గూర్చి మన సోదరీమణులలో చాలమంది వినియుండరు. వినినవారును నలుగురిలో పలుకదగిన మాట కాదని యూరకుందురు. ఈ నెల దానిని గూర్చియే వ్రాయ నెంచితిమి. అందులకు మా బంధువర్గములో జరిగిన యొక సంగతి కారణము.

ఆ బాలికకు 13 ఏండ్లు. చదువులో చురుకైనది, చూచుటకు ఆరోగ్యవతి. రెండేండ్లుగా తఱచు తలనొప్పి యనెడిది. ఎండకాలమున ముక్కునుండి నెత్తురు కారెడిది. పరుగెత్తినచో పిక్కలు పట్టుకొనిపోవుచున్నవని కూలబడెడిది. ఇంటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క సమాధానము సిద్ధముగా నుండెను. నెత్తురు కారినది వేడిచేసి. సబ్జాగింజలు నానవేసి యిచ్చిరి. కాళ్లు లాగుట ఎదుగు వయస్సు కనుక, నువ్వులనూనె రాచిరి. తలనొప్పి రాత్రులు చదువుటచేత, కండ్లజోడు కొనిరి. బడిలో ఆటలు నేర్పువారు సోమరిపిల్ల యనిరి. ఇద్దరు వైద్యులు చేయి పట్టి చూచి, "నాడి దివ్యముగా నున్నది, భయములేదు" అని పంపిరి. వారు చెప్పినది అబద్ధము కాదు. చేతినాడి నిజముగా దివ్యముగానే యుండెను. చిక్కంతయు అందులోనే యున్నది.

మూడవసారి చూచినది ఒక వైద్యురాలు. ఆమె బాలికను పడుకొనబెట్టి, ఒక చేతితో మణికట్టును పట్టుకొని, రెండవ చేతిని గజ్జవద్దకు గొనిపోగా తల్లి చటుక్కున పరికిణీని సవరించి, "పిల్ల పెద్దదైనదమ్మా, అక్కడ చూడనేల?" అనెను. వైద్యురాలు నొచ్చుకొనలేదు. "మీరు నా ప్రక్కనే నిలువుడమ్మా. దుప్పటి కప్పియే చూచెదను. చేతిలో ఇంత గట్టిగా కొట్టుకొను నాడి అక్కడ ఎట్లున్నదో తెలిసినగాని తలనొప్పి సంగతి తెలియదు," అని నచ్చజెప్పెను. చూడగా రెండు గజ్జలయందును నాడి తీగవలె సన్నముగా, చేతినాడి కొట్టుకొనిన పిమ్మట ఒక రవ్వ ఆలస్యముగా తగిలెను. వెంటనే పట్టీని చేతికి చుట్టి, పిదప కాలికి చుట్టి రక్తపుపోటును కొలిచెను. చేతియందు పైలెక్క 160, కాలియందు 100. ఆరోగ్యవంతులకు కాలియందలి లెక్క చేతిలెక్కకు సమానముగనో, కొంచెము హెచ్చుగనో యుండవలెను.

ఇట్లేల జరిగెనో చెప్పుదుము. గుండెనుండి బయలుదేరిన బృహద్ధమని మొదట పైకి లేచి, గొడుగుపిడివలె వంగి, వెన్నెముక వెంబడి క్రిందికి దిగును. ఆ వంపునుండి తలకును చేతులకును పోవు కొమ్మలు చీలును. క్రిందికి దిగిన కాండము మూత్రపిండములకు, ప్రేగులకు నెత్తురు నిచ్చుచు, బొడ్డుదగ్గఱకు వచ్చి రెండుగా చీలి, ఒక్కొక్క గజ్జ మీదుగా ఒక్కొక్క కాలికి పోవును. కొందఱు శిశువులకు పుట్టుకతోడనే వంపు ముగియుచోట ఈ ధమని నొక్కిపట్టినట్లు ఇరుకుగా నుండును. పంటకాలువకు నడుమ తూము సగము మూసినట్లు తలంచుకొనుడు. ఎగువ పొలములకు నీరు పొంగిపొరలును, దిగువ పొలములు బీటలువారును. అట్లే తలకును చేతులకును పోటు హెచ్చి తలనొప్పియు, ముక్కున నెత్తురును. కాళ్లకు చాలక నొప్పులు. అంతటితో పోదు. మూత్రపిండములు కాలువ కడపటి రైతులవంటివి. తమకు నీరు చాలలేదని అవి గోలపెట్టగా శరీరము పోటును ఇంకను హెచ్చించును. వైద్యము లేక విడిచినచో ఇట్టివారిలో పెక్కండ్రు నడివయస్సు చూడకయే పోవుదురు. గుండె అలసిపోవుటయో, మెదడులో నెత్తురు చిట్లుటయో అందులకు కారణమగును.

ఇటలీదేశపు శరీరశాస్త్రవేత్త మోర్గాన్యీ 1760లోనే ఈ ఇరుకును శవపరీక్షలో కనుగొనెను. కనుగొనిననేమి, దానిని విప్పుటకు దాదాపు రెండువందల యేండ్లు పట్టెను. 1944 అక్టోబరులో స్వీడను దేశపు స్టాక్‌హోము నగరమున క్లారెన్సు క్రాఫూర్డు అను శస్త్రవైద్యుడు 12 ఏండ్ల బాలునికి ఇరుకైన భాగమును కోసివైచి, రెండు కొసలను కలిపి కుట్టెను. మఱుసటి యేట అమెరికాలో బోస్టను వైద్యుడు రాబర్టు గ్రాసు కూడ అట్లే చేసెను. నేడు చాలమందికి రొమ్ము కోయవలసిన పనియు లేదు. గజ్జధమని గుండనే సన్నని గొట్టమును పంపి, బెలూను నుబ్బించి, లోహపు జాలి యగు స్టెంటు నమర్తురు. ఏ తావును తాకనీయరాదని తల్లి సిగ్గుపడెనో, చికిత్సయు ఆ తావునుండియే లోనికి పోయినది! మా బాలికకు జరిగినది ఇదియే.

పసికందుల సంగతి వేఱు. దీనిని తల్లులును అమ్మమ్మలును మిక్కిలి శ్రద్ధగా వినవలెను. గర్భమందున్నపుడు శిశువునకు ఊపిరితిత్తుల ధమనినుండి బృహద్ధమనికి ఒక అడ్డనాళ ముండును. పుట్టిన కొలది దినములలో అది తనంతట మూసికొనిపోవును. ఇరుకు మిక్కుటముగానున్న శిశువునకు ఆ నాళమే ప్రాణాధారము. అది తెఱచియున్నంతవఱకు కాళ్లకు నెత్తురు చేరును, గజ్జనాడియు తగులును. కనుక పుట్టిననాడు చూచిన వైద్యునికి ఏమియు కానరాకపోవచ్చును. పురిటిశుద్ధినాటికో, ఆ మఱుసటి వారమునకో నాళము మూసికొనగానే బిడ్డ పాలు త్రాగుట మానును. త్రాగబోయిన కొలది నుదుట చెమట పోయును. డొక్కలు ఎగురవేయుచు ఊపిరి తీయును. కాళ్లు చల్లబడి పాలిపోవును, మూత్రము తగ్గును. మన యిండ్లలో ఇట్టి బిడ్డను చూచి దిష్టి యందురు, పక్షిదోష మందురు, తల్లి తిన్న పథ్యము చెడినదందురు. మేము పెద్దల నెవ్వరిని ఆక్షేపింపబోము. దిష్టి తీయుటకు నిమిషమే కదా పట్టును, తీసికొండు. కాని ఆ నిమిషము దాటి ఇంట నుండకుడు. అది గడియలలో ప్రాణముమీదికి వచ్చు స్థితి. ఆసుపత్రిలో ప్రోస్టాగ్లాండిను అను మందును నరమునకు ఎక్కించి, మూసికొనుచున్న నాళమును తిరిగి తెఱచి, శస్త్రచికిత్సకు వ్యవధి సంపాదింతురు. పుట్టినప్పుడు ఒకసారియు, ఆరువారములనాడు టీకాకు గొనిపోయినప్పుడు మఱియొకసారియు, "గజ్జనాడి చూచితిరా?" అని తల్లి యడుగుట తప్పు కాదు. చూచుటకు అరనిమిషము చాలును.

ఇట్టి ఇరుకు మగపిల్లలలో కొంత హెచ్చు. ఆడుపిల్లలలో కనబడినచో వైద్యులు టర్నరు లక్షణమను పుట్టుక లోపము గలదేమోయని కూడ చూతురు. పొట్టిగా నుండి, మెడ వెడల్పై, ఈడు వచ్చినను సమర్తాడని బాలికలలో కొందఱు ఇట్టివారు.

మఱియొక వ్యాధి పుట్టుకతో వచ్చునది కాదు. యౌవనములో వచ్చును, స్త్రీలనే యెక్కువగా పట్టును. జపానుదేశమున కనజావా నగరపు నేత్రవైద్యుడు మికితో తకయాసు 1908లో ఒక యువతి కంటిలోపలి నెత్తురునాళములు దండవలె చుట్టుకొనియుండుటను సాటివైద్యులకు తెలిపెను. అదే సభలో మఱియిద్దరు తామును ఇట్టివారిని చూచితిమనియు, వారి మణికట్టులయందు నాడియే లేదనియు చెప్పిరి. నాటినుండి ఆ వ్యాధికి తకయాసు పేరు నిలిచినది. నాడిలేని రోగమనియు అందురు. బృహద్ధమని గోడలును దాని కొమ్మల గోడలును వాచి, క్రమముగా మందమై, లోపలి దారి మూసికొనిపోవును. ఆసియాఖండపు స్త్రీలకు ఇది యితరులకంటె హెచ్చు. 40 ఏండ్లలోపుననే మొదలగును. మన దేశములో పొత్తికడుపు భాగమందలి ధమనికిని, మూత్రపిండముల కొమ్మలకును ఇది తఱచుగా పట్టుటచేత గజ్జనాడి మెత్తబడుటయు, రక్తపుపోటు హెచ్చుటయు ఎక్కువగా కనబడును.

మొదట్లో దీనికి తనదైన గుర్తేమియు నుండదు. సన్నని జ్వరము, బరువు తగ్గుట, కీళ్లనొప్పులు, ఎప్పుడును అలసట. క్రొత్తకోడలు ఇట్లున్నచో అత్తవారింట ఏమందురో మేము వ్రాయనక్కఱలేదు. పిదప బట్టలు పిండునప్పుడు, జడ వేసికొనునప్పుడు చేయి బరువెక్కి దించవలసివచ్చును. చాలమందికి ఎడమచేతి ధమనికే ముందుగా పట్టును. స్త్రీకి ఎడమచేతి నాడియే చూడవలెనను వాడుక ఇచ్చట మోసము చేయవచ్చును. ఆ చేతిలో పోటు కొలిచినచో తక్కువగానే యుండి, శరీరమునందలి నిజమైన పోటు మఱుగుపడును. కావున రెండుచేతులును, రెండు గజ్జలును చూడవలెను. ముఖ్యముగా గర్భిణికి ఇది తెలియకుండుట అపాయము. పోటు ఉన్నట్టుండి పెరిగి తల్లికిని బిడ్డకును కీడు కలుగవచ్చును. ముందే తెలిసి, స్టెరాయిడు మొదలగు మందులతో వాపు నణచి, వైద్యుల కనుసన్నలలో నున్నవారు పెక్కండ్రు సుఖముగా ప్రసవించుచున్నారు.

ఇంటి పెద్దలకు వచ్చునవి వేఱు. చుట్ట, బీడీ, సిగరెట్టు త్రాగువారికిని, చక్కెరవ్యాధి గలవారికిని ధమనులలో క్రొవ్వు పేరుకొని కాళ్లదారి ఇరుకగును. నూఱడుగులు నడువగానే పిక్క పట్టుకొనుట, నిలుచున్నచో తగ్గుట, కాలివ్రేలి పుండు మానకుండుట దీని గుర్తులు. పొగ పురుషుల సొత్తని యెవ్వరైన ననుకొందురేమో. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరపు పల్లెలలో నిప్పును నోటిలోపలికి పెట్టుకొని అడ్డపొగ త్రాగు అవ్వలను చూచినవా రట్లనరు.

చిన్ననాడు కీళ్లవాతపు జ్వరము వచ్చి గుండెకవాటము చెడినవారి సంగతి అన్నిటికంటె తొందరైనది. గుండెలో గడ్డకట్టిన నెత్తురు తునిగి వచ్చి ఒక గజ్జలో చిక్కుకొనినచో ఆ కాలు ఉన్నట్టుండి తెల్లబడి, చల్లబడి, భరింపరాని నొప్పి పుట్టి, తిమ్మిరెక్కును. దానికి కాపడము పెట్టరాదు, మర్దన చేయరాదు. సుమారు ఆరుగంటలలో దారి తెఱువకున్నచో కాలు దక్కుట కష్టము. అమెరికా వైద్యుడు టామసు ఫోగార్టీ 1963లో ప్రకటించిన చిన్న బెలూను గొట్టముతో ఆ గడ్డను లాగివేయుదురు.

ఇంటిలో మీరే వ్రేళ్లుంచి చూచి రోగము తేల్చుకొనుడని మేము చెప్పుట లేదు. లావైనవారికి గజ్జనాడి మామూలుగానే దొరకుట కష్టము. విరేచనములతో నీరు పోయినవారికి, నెత్తురు పోయినవారికి అన్నిచోట్లను నాడి సన్నగిలును. అది వేఱు సంగతి, అదియు తొందరదే. ఒక గజ్జలో నున్నది రెండవదానిలో లేకపోవుట, చేతిలో బలముగా నున్నది కాళ్లలో మెత్తనగుట, ఇవి వైద్యుని వెదకుమని చెప్పు గుర్తులు. పిదప అల్ట్రాసౌండు, గుండె ఎకో, సి.టి. చిత్రములు తక్కిన పని చేయును.

మేము కోరునది ఇంతే. తలనొప్పితోనో పోటుతోనో ఉన్న పిల్లను, చిన్నవయస్సు స్త్రీని చూపించునప్పుడు, కాలిపోటు కూడ కొలువుమని అడుగుడు. వదులైన బట్టలు కట్టించి తీసికొనిపొండు. దుప్పటి యొకటి వెంట నుంచుకొనుడు. ఆడువైద్యురాలు కావలెనని కోరుటకును, తోడుగా ఒకరిని గదిలో నిలుపుకొనుటకును మీకు హక్కు గలదు. పరీక్షకు ముందుగా పిల్లకు ఏమి చూతురో, ఎందుకో తల్లియే మెల్లగా చెప్పినచో సగము బెదురు తీరును.

మా బంధువుల బాలిక చికిత్సయై రెండేండ్లు దాటినది. ముక్కున నెత్తురు రాలేదు. పోటుకు మాత్రము చిన్న మాత్ర యొకటి ఇంకను వేసికొనుచున్నది. ఇరుకు విప్పినను కొందఱికి పోటు పూర్తిగా దిగదు, విప్పినచోట మరల ఇరుకు పడుటయు గలదు, కావున యేటేట చూపించుకొనవలసినదే. మొన్న వెళ్లినప్పుడు క్రొత్తగా వచ్చిన చిన్నవైద్యుడు చేతికి పట్టీ చుట్టి, లెక్క వ్రాసికొని లేవబోగా, తల్లి అతనిని ఆపి, "నాయనా, కాలికి కూడ చుట్టవలెను," అనెనట.