సుత్తికి లొంగని చక్రం

పార్లమెంటు సమావేశాలు లేని వారంలో రాజధాని విలేఖరికి కొంత తీరిక చిక్కుతుంది. అట్టి తీరికలో ఈమారు భిలాయి వరకు వెళ్ళి వచ్చాను. శాసనాలు పుట్టే చోట కూర్చుని వాటిని గురించి వ్రాయడం ఒక ఎత్తు. అవి అమలయ్యే చోట నిలబడి చూడడం మరొక ఎత్తు.

భిలాయి ఉక్కు కర్మాగారానికి సున్నపురాయిని అందించిన గనుల ఊరు నందిని. ఇనుప ఖనిజంలోని మలినాన్ని కరిగించి వేరు చేయడానికి కొలిమిలో సున్నపురాయి కావాలి. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిన నాటినుండి ఈ ప్రాంతానికి పనివెతుక్కుంటూ వచ్చిన తెలుగువారు తక్కువేమీ కాదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల యాస ఇక్కడి వీధులలో నేటికీ వినవస్తుంది.

నందినిలో ఒక రేకుల షెడ్డు క్రింద పాత సైనిక లారీ ఒకటి కనిపించింది. అది శక్తిమాన్. సైన్యం వేలం వేసిన బండిని ఎన్నడో ఒకరు కొన్నారు. చేతులు మారి ఇప్పటి యజమాని వద్దకు చేరింది. దానిని మళ్ళీ మొదటి రూపానికి తేవాలని ఆయన సంకల్పం. స్టీరింగు రాడ్డు చుట్టూ ఉండే బుష్ అరిగిపోయింది. దానిని మార్చాలంటే ముందుగా స్టీరింగు చక్రం ఊడిరావాలి. అది రావడం లేదు.

పని చేపట్టిన వృద్ధ మెకానిక్కు శ్రీకాకుళం వైపువాడు. పక్కన మనుమడు సుత్తి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

“ఒక్క దెబ్బ వేస్తే వచ్చేస్తుంది తాతా!”

“వచ్చేది చక్రం కాదురా, మన కొంప మీదికి! ముందా సుత్తి కింద పెట్టు” అని ఆయన గద్దించాడు. తర్వాత నావైపు తిరిగి, “సుత్తితో ఊడదీసిన చక్రాలు చాలా చూశాను బాబుగారూ. తర్వాత అవి దేనికీ పనికిరావు” అన్నాడు.

ఆయన మాటలో ఉన్న ఇంజనీరింగు సూత్రం సులభమైనదే. ఇట్టి పాత బరువు బండ్లలో స్టీరింగు రాడ్డు పై కొన క్రమంగా సన్నబడి ఉంటుంది. దానిపై నిలువుగా సన్నని పళ్ళు ఉంటాయి. చక్రం నడిమి భాగం లోపలివైపు కూడ అదే ఆకృతిలో మలచబడి ఉంటుంది. పైన నట్టు బిగించేకొద్దీ చక్రం ఆ వాలుపై మరింతగా కూరుకుపోతుంది. ప్రయాణంలో చక్రం జారకుండా కాపాడే ఏర్పాటు అదే. ఏళ్ళ తరబడి వాననీరు దిగి తుప్పు పట్టినప్పుడు ఆ ఏర్పాటే శత్రువవుతుంది. నట్టు ఊడినా చక్రం కదలదు.

అప్పుడు సుత్తి ఎత్తితే జరిగేది ఏమిటి? రాడ్డు కొనపై కొడితే అక్కడి మరలు నలిగిపోతాయి. తిరిగి నట్టు ఎక్కదు. ఆ దెబ్బ రాడ్డు గుండా దిగి అడుగున ఉన్న స్టీరింగు బాక్సులోని బేరింగులకు తగులుతుంది. చక్రాన్ని క్రిందినుండి బాదితే లోపలి ఇనుప చట్రం వంగి, పైపూత బీటలు వారుతుంది. పోనీ, కొత్తది కొందామంటే శక్తిమాన్ తయారీ 1996లోనే ఆగిపోయింది. పాత సామాను కొట్లలో గాలించి దొరకబుచ్చుకోవలసిందే.

వృద్ధుడు అనుసరించిన పద్ధతి వేరు. మొదట బ్యాటరీ తీగ విప్పించాడు. హారన్ బొత్తాన్ని తీసి, దాని తీగను జాగ్రత్తగా పక్కకు జరిపాడు. ముందు చక్రాలు తిన్నగా ఉన్నవని చూసుకుని, రాడ్డుకూ స్టీరింగు చక్రానికీ కలిపి ఒక గీత గీశాడు. తిరిగి బిగించేటప్పుడు పన్నుకు పన్ను కుదరడానికి అది ఆనవాలు. నట్టును వదులు చేశాడే గాని పూర్తిగా తీయలేదు, రాడ్డు కొనకు సమంగా ఉంచాడు. అట్లా ఉంచితే మరలకు రక్షణ. హఠాత్తుగా చక్రం ఊడినా ఎదుటివాని ముఖానికి తగలదు. తర్వాత సందులలో డీజిలు, పలుచని నూనె కలిపి పోసి, “ఇక రేపు చూద్దాం” అని చేతులు తుడుచుకున్నాడు.

మరునాడు ఉదయం వేడినీటిలో తడిపిన గుడ్డలను చక్రం నడిమి భాగానికి చుట్టాడు. వేడికి వెలుపలి లోహం కొద్దిగా వ్యాకోచిస్తుంది. గ్యాసు మంట పెడితే పని త్వరగా అవుతుంది గాని పైపూత కాలుతుంది. నూనె పోసిన చోట నిప్పు కూడదు. పిమ్మట పుల్లర్ అమర్చాడు. దాని రెండు కొక్కేలు చక్రాన్ని పైకి లాగుతుంటే నడిమి బోల్టు రాడ్డును క్రిందికి నొక్కుతుంది. బోల్టును పావు చుట్టు తిప్పి ఆగడం, నడిమి భాగం చుట్టూ ఇత్తడి కడ్డీతో మెల్లగా తట్టడం, మళ్ళీ పావు చుట్టు. ఇట్లా అరగంట గడిచాక టప్పున శబ్దం వచ్చింది. చక్రం చెక్కుచెదరకుండా వదులయింది. మనుమని ముఖంలో ఆశ్చర్యం కంటె సిగ్గే ఎక్కువ కనిపించింది.

ఈ లారీ చరిత్ర తెలిసినవారికి ఆ శబ్దం విలువ తెలుస్తుంది. జర్మనీకి చెందిన మాన్ సంస్థ లైసెన్సుతో జబల్పూరు గన్ కారేజ్ ఫ్యాక్టరీలో 1959లో శక్తిమాన్ తయారీ ఆరంభమైనది. రక్షణమంత్రి కృష్ణమీనన్ పట్టుదల దాని వెనుక ఉన్నది. ఆయుధ కర్మాగారాలలో కాఫీ యంత్రాలు చేయిస్తున్నారని ఆయనను ఎద్దేవా చేసినవారున్నారు. 1962 చైనా యుద్ధ సమయంలో ఆయన రక్షణశాఖను కోల్పోయారు. మంత్రి వెళ్ళినా లారీ నిలిచింది. 1969లో జబల్పూరులోనే వెహికిల్ ఫ్యాక్టరీ వెలసింది. దశాబ్దాల పాటు సైన్యాన్ని కొండలపైకి, ఎడారులలోకి మోసిన బండ్లలో ఇది ఒకటి.

ఇక ఢిల్లీ సంగతి. 2021 జూలైలో కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ పురాతన వాహనాలకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. మొదటి రిజిస్ట్రేషన్ నుండి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని బండ్లకు ‘వి.ఎ.’ అక్షరాలతో ప్రత్యేక నంబరు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు. ఉద్దేశం మెచ్చదగినదే. కాని ఆ నిబంధన ద్విచక్ర వాహనాలను, కార్ల తరగతిని మనస్సులో ఉంచుకుని వ్రాసినది. సంస్థానాధీశుల కార్లకు అందులో చోటున్నది. జవానులను మోసిన లారీకి లేదు. పైగా సైనిక వాహనానికి సైన్యపు నంబరే తప్ప, వేలంలో అమ్ముడయ్యే వరకు పౌర రిజిస్ట్రేషన్ ఉండదు. దాని వయస్సును ఫ్యాక్టరీ వదిలిన నాటినుండి లెక్కించాలా, వేలం నాటినుండి లెక్కించాలా?

మరొక ప్రక్క 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ, ప్రభుత్వరంగ సంస్థల వాహనాల రిజిస్ట్రేషన్‌ను 2023 ఏప్రిల్ 1 నుండి రద్దు చేసి తుక్కుకు పంపాలన్న ఉత్తరువు వెలువడినది. దేశరక్షణ విధులలో ఉన్న ప్రత్యేక వాహనాలకు అందులో మినహాయింపు ఇచ్చారు. విధినుండి విరమించిన వాహనం మాట అందులో లేదు. పొగ గ్రక్కే పాత డీజిలు బండ్లు రోజూ రోడ్డెక్కాలని ఎవరూ కోరడం లేదు. ఢిల్లీ గాలి పీల్చే ఈ విలేఖరి అసలే కోరడు. జనవరి 26న ఒక ప్రదర్శనకో, ఒక మ్యూజియం ముంగిటికో నడిచి వెళ్ళడానికి అనుమతి కావాలన్నదే కోరిక. ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు. ఉన్న నిబంధనలో లారీకి కూడ ఒక వాక్యం చేర్చితే చాలు.

తుక్కు విధానం దేశానికి అవసరమే. అయితే ఏది తుక్కు, ఏది చరిత్ర అని విడదీయకుండా నడిపిన విధానం మనుమని చేతిలోని సుత్తి వంటిది. పని అయినట్లే ఉంటుంది; తిరిగి బిగించే అవకాశం మిగలదు.

బయలుదేరే ముందు, “బండి బాగయ్యాక దీనికి కాగితాలు వస్తాయా బాబుగారూ?” అని వృద్ధుడు అడిగాడు. రాజధానినుండి వచ్చినవానికి తెలిసి ఉంటుందని ఆయన నమ్మకం. ఇప్పటి నిబంధనల ప్రకారం కష్టమని చెప్పాను. ఆయన కాసేపు ఊరకున్నాడు. తర్వాత ఊడిన చక్రాన్ని గోనెపట్టాపై ఉంచి, పళ్ళలోని తుప్పును గుడ్డతో తుడవసాగాడు.