దాచింది తీయగలమా?

సర్వర్లు చూసుకునేవాళ్లని ఎవరినైనా "బ్యాకప్ ఉందా?" అని అడిగి చూడండి. "ఎందుకు లేదూ, రోజూ రాత్రి రెండింటికి నడుస్తుంది" అంటారు. "మరి చివరిసారి అందులోంచి ఏదైనా వెనక్కి తీసింది ఎప్పుడు?" అని అడగండి. చాలామంది వెంటనే జవాబు చెప్పలేరు.

పదేళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను. ముందు హైదరాబాదులో, ఇప్పుడు ఇంగ్లండులో. ఈ పనిలో నాకు బాగా తలకెక్కిన సంగతి ఒకటుంది. దాచడం సులువు, తీయడం కష్టం. ఆ తీయడం మన చేతిలో ఉంటుందా, ఇంకొకరి చేతిలో ఉంటుందా అన్నది, ఎంత ఖరీదైన టూలు కొన్నాం అన్నదాని మీద కాక, ఆ టూలు మన డేటాని ఏ రూపంలో రాసిపెట్టింది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. కంప్యూటర్లతో సంబంధం లేనివాళ్లు ఇక్కడితో ఆపేయకండి. ఈ సంగతి చివరికి మన తెలుగు రాతల దాకా వస్తుంది.

ముందుగా మా రంగంలో అందరికీ తెలిసిన కథ. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు, డేటాబేసు నకలు సరిగ్గా నడవక తంటాలు పడుతూ, నకలు ఉన్న సర్వర్ అనుకుని అసలు సర్వర్లో ఫోల్డరు చెరిపేశాడు. పొరపాటు తెలిసి ఆపేసరికి సుమారు 300 గిగాబైట్లు పోయాయి. సరే, బ్యాకప్‌లు ఉన్నాయి కదా అని వెతికితే, అవి ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. డేటాబేసు 9.6 వెర్షన్, బ్యాకప్ తీసే ప్రోగ్రాము 9.2 వెర్షన్. రెండింటికీ పొసగక అది రోజూ మొరాయించి ఆగిపోతోంది. ఆగిపోయిందని చెప్పే ఈమెయిళ్లు కూడా మధ్యలోనే తిరస్కారానికి గురై ఎవరికీ చేరలేదు. చివరికి ఆరు గంటల ముందు ఇంకో పని కోసం ఒకరు చేత్తో తీసిపెట్టిన స్నాప్‌షాట్ వాళ్లని కాపాడింది. మధ్యలోని ఆరు గంటల మార్పులు మాత్రం పోయాయి. జరిగిందంతా దాచుకోకుండా వివరంగా రాసి ప్రపంచానికి చెప్పారు. అందుకే ఇవాళ మనం దీని గురించి మాట్లాడుకోగలుగుతున్నాం.

ఇది మొదటి పాఠం: తీసి చూడని బ్యాకప్‌ని నమ్మకూడదు. దీన్ని చాలామంది ఒప్పుకుంటారు. రెండో పాఠం ఏళ్ల తర్వాత గానీ బయటపడదు, అందుకే దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కంపెనీలో, పాత కాంట్రాక్టు తగాదా ఒకటి వచ్చి, ఏడేళ్ల నాటి మెయిళ్లు కావాలని లాయర్లు అడిగారు. టేపులు భద్రంగా ఉన్నాయి. వాటి మీద లేబుళ్లు ఉన్నాయి. చదివే డ్రైవు కూడా ఉంది. లేనిదల్లా ఆ టేపులు రాసిన సాఫ్ట్‌వేరు. నేను చేరకముందే వాళ్లు వేరే టూలుకి మారిపోయారు, పాతదాని లైసెన్సు ముగిసింది. దాన్ని తయారుచేసిన కంపెనీని ఈలోగా ఇంకో కంపెనీ కొనేసింది. డేటా మాదే, టేపులు మావే, బీరువా మాదే. చదవడానికి మాత్రం మళ్లీ డబ్బు కట్టి అనుమతి తెచ్చుకోవాలి. మొత్తం మూడు వారాలు పట్టింది. అందులో అసలు పని రెండు రోజులు. మిగతాదంతా కొటేషన్లు, ఈమెయిళ్లు, "మా సేల్స్ టీమ్ మీతో మాట్లాడుతుంది" అనే జవాబులు.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే ఉదాహరణ ఒకటి చెబుతాను. అమాండా అనే బ్యాకప్ టూలు 1990ల మొదట్లో అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. అది టేపు మీద ప్రతి బ్యాకప్ ముందూ 32 కిలోబైట్ల ముందుమాట ఒకటి రాస్తుంది. అందులో ఇది ఏ మెషీనుది, ఏ డిస్కుది, ఏ తేదీది అన్న వివరాలు మామూలు అక్షరాల్లో ఉంటాయి. వాటి కిందే, దీన్ని వెనక్కి తీయాలంటే ఏ కమాండు కొట్టాలో కూడా ఉంటుంది. ఆ కమాండులో అమాండా ఊసే ఉండదు. డీడీ, జీజిప్, టార్ లాంటి, ఏ లినక్సు మెషీనులోనైనా దొరికే మామూలు ప్రోగ్రాములే ఉంటాయి. అంటే ఆ టూలు రాసినవాళ్లు, రేపు మేము లేకపోయినా మీ పని ఆగకూడదు అని ముందే ఆలోచించారన్నమాట. నాకు ఈ రంగంలో ఇంతకన్నా మర్యాదైన పని కనిపించలేదు.

ఇందులో టార్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. టేప్ ఆర్కైవ్ అన్న మాటలని కుదించి పెట్టిన పేరది. 1979లో బెల్ ల్యాబ్స్ వాళ్ల యూనిక్స్ ఏడో ఎడిషన్‌తో వచ్చింది. ప్రతి ఫైలుకీ ముందు 512 బైట్ల చీటీ: పేరు, సైజు, తేదీ, ఎవరికి ఏ హక్కులు. ఆ వెనకే ఫైలు. అంతే. చీటీలోని అంకెలని కూడా కంప్యూటరు సొంత లెక్కలో కాకుండా, మనం కాగితం మీద రాసినట్టు అంకెల అక్షరాలుగానే రాస్తారు. అందువల్ల ఏ కంపెనీ మెషీను మీద రాసినా, ఇంకే మెషీను మీదైనా చదవొచ్చు. లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఫైలు పేరు 100 అక్షరాలు దాటకూడదు, ఫైలు 8 గిగాబైట్లు దాటకూడదు. 1979లో 8 గిగాబైట్ల ఫైలు ఎవరి ఊహలో ఉంటుంది? ఆ తర్వాత 1988లో, 2001లో పోసిక్స్ ప్రమాణాల్లో పాతవాటిని చెడగొట్టకుండా ఈ హద్దులని పెంచుకుంటూ వచ్చారు. ఇవాళ క్లౌడ్‌లో అందరూ వాడే కంటైనర్ ఇమేజీల పొరలు కూడా లోపల టార్ ఫైళ్లే.

ఓపెన్ స్టాండర్డ్ అంటే ఇదే. ఒక పద్ధతిని అందరికీ కనపడేలా రాసిపెట్టడం, ఎవరి అనుమతీ లేకుండా ఎవరైనా దాన్ని చదివే ప్రోగ్రాము రాసుకునేలా ఉంచడం.

అయితే స్టాండర్డ్ అన్న బోర్డు కనపడగానే నమ్మేయకూడదు. ఏ భాగం స్టాండర్డో అడగాలి. పెద్ద స్టోరేజీ పెట్టెల బ్యాకప్ కోసం ఎన్‌డీఎమ్‌పీ అనే ప్రమాణం 1990లలో వచ్చింది. బ్యాకప్ సాఫ్ట్‌వేరూ, స్టోరేజీ పెట్టే ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో అది చెబుతుంది. టేపు మీదికి వెళ్లే డేటా ఏ రూపంలో ఉండాలో మాత్రం చెప్పదు, దాన్ని తయారీదారుల ఇష్టానికి వదిలేసింది. దానివల్ల మామూలుగా ఒక కంపెనీ పెట్టెలోంచి తీసిన బ్యాకప్ ఇంకో కంపెనీ పెట్టెలోకి ఎక్కదు. మరోవైపు బాక్యులా అనే టూలు ఉంది. దానిది సొంత ఫార్మాటే. కానీ సోర్స్ కోడు బయట ఉంది, ఫార్మాటు వివరం రాసి ఉంది, కేటలాగు మొత్తం పోయినా టేపులోంచి నేరుగా ఫైళ్లు లాగే చిన్న ప్రోగ్రాము దాంతోపాటే వస్తుంది. ఈమధ్య ఎక్కువగా వాడుతున్న రెస్టిక్, బోర్గ్ కూడా అంతే. డేటాని ముక్కలు చేసి, ఒకే ముక్కని రెండుసార్లు దాచకుండా, ఎన్‌క్రిప్ట్ చేసి పెడతాయి. టార్ అంత సాదాగా ఉండవు గానీ, లోపలి అమరిక అంతా బహిరంగంగానే ఉంటుంది. ఒక్క హెచ్చరిక: వాటి పాస్‌వర్డు పోగొట్టుకుంటే ఎంత ఓపెన్ అయినా ఎవరూ ఏమీ చేయలేరు.

డబ్బుకి అమ్మే టూల్స్ అన్నీ చెడ్డవని నేను అనను. అర్ధరాత్రి ఫోను చేస్తే ఎత్తే మనిషి ఉండటం చిన్న సంగతి కాదు. నా ఉద్యోగంలో నేనూ వాటినే వాడుతున్నాను. కొనేముందు "ఇందులో ఎంత వేగంగా దాచొచ్చు?" అని అడిగేవాళ్లు, "మీతో తెగతెంపులు చేసుకున్న మర్నాడు నా డేటా ఎలా చదువుకోవాలి?" అని కూడా అడగాలి. అంతే నేను చెప్పేది.

ఫార్మాటు ఒక్కటే ఉన్నా చాలదు, చదివే యంత్రం కూడా ఉండాలి. ఇప్పుడు ఎక్కువగా వాడే ఎల్‌టీవో టేపులు 2000లో మొదలయ్యాయి. చాలాకాలం డ్రైవులు తమకన్నా రెండు తరాల వెనకటి టేపుల్ని కూడా చదివేవి. ఎనిమిదో తరం దగ్గర అది ఒక్క తరానికి తగ్గింది. కాబట్టి టేపు పాడుకాకపోయినా, కొన్నేళ్లకోసారి కొత్తదాని మీదికి ఎక్కించుకుంటూ పోవాల్సిందే. ఇది మనకి కొత్తేమీ కాదు. తాటాకు గట్టిది కాబట్టి మన పాత కావ్యాలు మిగల్లేదు. ఆకు చివికిపోయేలోపు ఎవరో ఒక లేఖకుడు కూర్చుని కొత్త ఆకుల మీదికి ఎత్తి రాశాడు కాబట్టి మిగిలాయి.

నేనుండే ఇంగ్లండులో దీనికి పేరుమోసిన ఉదాహరణ ఉంది. 1086లో ఈ దేశపు భూముల లెక్కలన్నీ రాసిన డూమ్స్‌డే పుస్తకం ఇప్పటికీ లండన్‌లోని క్యూ దగ్గర నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది, లాటిన్ వచ్చినవాళ్లు చదువుతున్నారు. దానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన సందర్భంగా 1986లో బీబీసీ వాళ్లు కొత్త డూమ్స్‌డే తయారుచేశారు. స్కూలు పిల్లలతో సహా పది లక్షల మందికి పైగా తమ ఊళ్ల గురించి రాసి, ఫొటోలు పంపారు. వాటినన్నిటినీ ప్రత్యేకమైన లేజర్ డిస్కుల్లోకి ఎక్కించారు. అవి చదవడానికి ప్రత్యేకమైన ప్లేయరు, దానికి తగ్గ కంప్యూటరు కావాలి. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ పరికరాలు కరువయ్యాయి. పరిశోధకులు పూనుకుని ఎంతో శ్రమపడితే గానీ ఆ పిల్లల రాతలు మళ్లీ బయటికి రాలేదు.

ఇక మన సంగతికి వస్తాను. మా పెదనాన్న తెనాలిలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. 2001లో తన కథలు పుస్తకంగా వేయించుకున్నారు. డీటీపీ చేసినవాళ్లు ఫైళ్లన్నీ ఒక సీడీలో పెట్టి ఇచ్చారు. రెండో ముద్రణ వేయించాలని ఈమధ్య ఆ సీడీ తీశారు. "ఏరా, నువ్వు కంప్యూటర్లలోనే ఉంటావుగా, కాస్త చూడు. అంతా పిచ్చి గీతలు కనపడుతున్నాయి, వైరసా?" అన్నారు.

"వైరస్ కాదు పెదనాన్నా, ఫాంటు" అన్నాను.

ఆ రోజుల్లో మన అచ్చుపనికి వాడిన ఫాంట్లలో చాలావాటి పద్ధతి ఇది: తలకట్టు, గుడి, ఒత్తు, అక్షరం ఒడ్డు అంటూ తెలుగు అక్షరాలని ముక్కలు చేసి, ఇంగ్లీషు అక్షరాలకి కేటాయించిన గడుల్లో కూర్చోబెట్టేవాళ్లు. ఏ ముక్క ఏ గడిలో ఉంటుందన్నది ఏ కంపెనీకి ఆ కంపెనీ సొంత లెక్క. ఆ ఫాంటు ఉంటేనే అది తెలుగు. లేకపోతే పిచ్చి గీతలే. సీడీ చెక్కుచెదరలేదు, ఒక్క బైటూ పోలేదు, అయినా కథలు లేవు.

అలాంటి ఫైళ్లని యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి. ఒకటి వాడి మార్చి పంపాను. ఒత్తులు కొన్ని తారుమారయ్యాయి. పెదనాన్న అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని రెండు నెలలు దిద్దారు. కానీ సీడీలో పుస్తకంలోకి ఎక్కని కథలు రెండున్నాయి. వాటికి కాగితం మీద ప్రతి లేదు. కొన్ని వాక్యాలు ఊహించి పూరించారు. "ఇది నేను రాసిందేనా అని అనుమానంగా ఉందిరా" అన్నారు ఫోనులో. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇదే కాలంలో అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు కొందరు ఇంకో దారి పట్టారు. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో, తెలుగుని మామూలు ఇంగ్లీషు అక్షరాలతో, ఏ అక్షరానికి ఏది అన్న బహిరంగమైన నియమాల ప్రకారం రాసుకున్నారు. చూడ్డానికి అందంగా ఉండేది కాదు. కానీ 1990లలో అలా రాసినదాన్ని ఇవాళ ఏ కంప్యూటరైనా తెరుస్తుంది, చిన్న ప్రోగ్రాముతో తెలుగు లిపిలోకి మార్చుకోవచ్చు. టైపు నేర్చుకోని నాలాంటివాడు లేఖినిలో టకటకా తెలుగు కొడుతున్నాడంటే ఆ నియమాల పుణ్యమే. ఇక 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి చోటు దక్కింది. ‘క’ అంటే 3093. ఏ ఫాంటులోనైనా, ఏ ఫోనులోనైనా, ఏ దేశంలోనైనా అదే అంకె. అది ఏ కంపెనీ సొత్తూ కాదు.

కాబట్టి మీ దగ్గర గానీ, మీ ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర గానీ పాత తెలుగు ఫైళ్లుంటే ఈ వారమే ఒకసారి తెరిచి చూడండి. తెరుచుకోకపోతే, ఆ ఫాంటు పేరు తెలిసినవాళ్లు, ఆ కథ గుర్తున్నవాళ్లు ఉండగానే యూనికోడ్‌లోకి మార్చండి. మార్చినదాన్ని సాదా టెక్స్ట్ ఫైలుగా కూడా ఒకటి ఉంచండి. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క ఇళ్లకి కూడా సరిపోతుంది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో. వేరే ఊళ్లో ఉన్న కొడుకో కూతురో ఆ మూడో ప్రతిని దాచుకోవచ్చు. దాచుకున్నవాళ్లు ఏడాదికోసారి, ఏ పండక్కో, దాన్ని తెరిచి ఒక పేజీ చదివితే చాలు. అదే రిస్టోర్ టెస్టు.