ఆలుమగలు - అప్పుల జబ్బు

"రాత్రి నిద్ర పట్టదు డాక్టరుగారూ. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే మళ్ళీ కన్ను మూతపడదు. గుండె దడదడలాడుతుంది. తిన్నది అరగదు. తల బరువు."

ఇలా చెప్పే రోగి ప్రతి డాక్టరుకూ తెలిసినవాడే. ఇ.సి.జి. తీయిస్తారు, బాగానే ఉంటుంది. రక్తపరీక్షలు చేయిస్తారు, అవీ బాగానే ఉంటాయి. రక్తపోటు మాత్రం ఉండవలసినదానికంటే కాస్త ఎక్కువ. "మనసులో ఏదైనా దిగులుందా?" అని అడిగితే పక్కన కూర్చున్న భార్యవైపు ఓసారి చూసి, "అబ్బే, ఏమీ లేదండీ" అంటాడు. ఆమె మందులకోసం బయటికి వెళ్ళాక గొంతు తగ్గించి చెబుతాడు: "అప్పులున్నాయి సార్. మా ఇంట్లో తెలియదు." తమాషా ఏమిటంటే ఆమెను విడిగా అడిగినా ఇదే జవాబు రావచ్చు. "గ్రూపులో డబ్బు తీసి మా తమ్ముడికిచ్చాను. ఆయనకు తెలియదండీ."

ఒకే కప్పు కింద రెండు రహస్యాలు, రెండు నిద్రలేని రాత్రులు!

అప్పుకూ ఆరోగ్యానికీ సంబంధం ఏమిటని మీరడగవచ్చు. అలిపిరి మెట్లదారిలో నడుస్తుండగా హఠాత్తుగా చిరుత కనిపించిందనుకోండి. ఏమవుతుంది? మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు రక్తంలోకి అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటు పెరుగుతుంది, రక్తంలోకి చక్కెర వచ్చి చేరుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. పరిగెత్తడానికి శరీరం చేసుకునే ఏర్పాటు ఇది. చిరుత వెళ్ళిపోతే అరగంటలో అంతా సర్దుకుంటుంది. కాని అప్పు వెళ్ళిపోదు కదా! ఫోను మోగితే ఉలికిపాటు, గుమ్మం దగ్గర మోటారుసైకిలు ఆగితే ఉలికిపాటు. ఇలా నెలలూ సంవత్సరాలూ గడిస్తే నిద్ర చెడుతుంది, కడుపులో మంట మొదలవుతుంది. బి.పి., షుగరు ఉన్నవాళ్ళకు అవి ఓ పట్టాన అదుపులోకి రావు.

మెదడు సంగతి మరీ విచిత్రం. మన చిత్తూరుకు దూరం కాని తిరువణ్ణామలై, విల్లుపురం జిల్లాల్లో 54 గ్రామాలకు చెందిన 464 మంది చెరకు రైతుల్ని కొందరు శాస్త్రజ్ఞులు పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. కోతకు ముందు చేతిలో డబ్బాడక, నగలు కుదువపెట్టుకుని ఉండే రోజుల్లో ఒకసారి, కోత అయి డబ్బు చేతికొచ్చాక మరోసారి అదే మనిషికి బుద్ధికి సంబంధించిన పరీక్షలు పెట్టారు. డబ్బుకు కటకటగా ఉన్నప్పుడు అదే మనిషి తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. అంటే అప్పుల్లో ఉన్నవాడు తెలివితక్కువవాడని కాదు. అతని తెలివిలో కొంత భాగం ఎప్పుడూ లెక్కలు వేసుకోవడంలోనే ఖర్చయిపోతుంటుంది. అందుకే అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేయడం, అదీ ఎక్కువ వడ్డీకి చేయడం వంటి పనులు తెలిసినవాళ్ళు కూడా చేస్తుంటారు.

తిరుపతి ప్రాంతంవాళ్ళకు అప్పు గురించి కొత్తగా ఎవరూ చెప్పనక్కరలేదు. సాక్షాత్తు శ్రీనివాసుడే నారాయణవనంలో పద్మావతీదేవిని పెళ్ళాడడానికి కుబేరుని దగ్గర అప్పు చేశాడని స్థలపురాణం. కోటీ పద్నాలుగు లక్షల రామముద్రలట! బ్రహ్మ, శివుడు, అశ్వత్థవృక్షం సాక్షులు. ఆ వడ్డీ ఇంకా కడుతున్నాడు కాబట్టే ఆయన వడ్డీకాసులవాడు. డబ్బు కొలిచి కొలిచి అలసిపోయిన గోవిందరాజస్వామి కుంచం తలకింద పెట్టుకుని తిరుపతిలో పడుకున్నాడని చెబుతారు. పెళ్ళిళ్ళకు అప్పులు చేసేవాళ్ళు "స్వామికే తప్పలేదు, మనమెంత?" అని ఈ కథ చెప్పుకుని సమాధానపడుతుంటారు. కాని కథలో వాళ్ళు గమనించని సంగతి ఒకటుంది. ఆ అప్పులో దాపరికం లేదు. ఎంత తీసుకున్నదీ, ఎవరి దగ్గర తీసుకున్నదీ, సాక్షులెవరన్నదీ ఊరందరికీ తెలుసు. కొండమీద పరకామణిలో లెక్క జరుగుతూనే ఉంటుంది. మన ఇళ్ళలో జరగనిది ఆ లెక్కే.

తప్పు వేరు, బాధ్యత వేరు

ఆలుమగలు అప్పు గురించి మాట్లాడుకోవడం మొదలుపెడితే అయిదు నిమిషాల్లో అది పోట్లాటగా మారుతుంది. "నీ చెల్లెలి పెళ్ళికే కదా చేసింది?" "నీకు స్కూటరెందుకు అప్పుడు?" ఇలా సాగుతుంది. తప్పెవరిదో తేల్చడానికి కూర్చుంటే పదేళ్ళయినా తేలదు. ఆస్పత్రి ఖర్చులకు చేసిన అప్పు ఎవరి తప్పు? మామిడికి ధర పడిపోతే ఎవరి తప్పు? తప్పు నిన్నటి సంగతి. బాధ్యత రేపటి సంగతి. అందుకని ఇద్దరూ ఒక నియమం పెట్టుకోవాలి. "నువ్వు" అని మొదలయ్యే మాట వద్దు. "నేను ఇది చేశాను, నేను ఇది మానుకుంటాను" అన్నవే చెల్లుతాయి.

ఇందుకు ఒక సాయంత్రం కేటాయించండి. ఆకలిమీద వద్దు, అర్ధరాత్రి వద్దు. అత్తగారినీ బావమరిదినీ పంచాయితీకి పిలవవద్దు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను చాలు.

"ఎవురెవురికి ఎంతెంత ఇయ్యాలో అంతా చెప్పయ్యా. నేనేమీ అనను."

"నువ్వు కూడా చెప్పు మరి. గ్రూపులో తీసిండేది నాకు ఎప్పుడో తెలుసులే."

ఇలా నోరు విప్పడమే కష్టం. విప్పాక ఆశ్చర్యంగా చాలామందికి ఆ రాత్రే కాస్త నిద్రపడుతుంది. అప్పు ఒక్క రూపాయి కూడా తగ్గలేదు, కాని దాచిపెట్టే శ్రమ తగ్గింది.

ఉదాహరణకు కొర్లగుంటలో ఉండే ఒక జంటను ఊహించుకుందాం. ఆయన అంగట్లో గుమాస్తా, ఆమె ఇంట్లో కుట్టుమిషను మీద సంపాదిస్తుంది. ఇద్దరికీ తెలిసినవి మూడు పద్దులు: నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు మీద లక్ష, సేటు అంగట్లో అదే వడ్డీకి నగలు పెట్టి తెచ్చిన 80 వేలు, చిల్లర అంగట్లో ఆరు వేలు. ఆయన దాచినవి రెండు: సెల్‌ఫోను యాప్‌లో తీసిన 15 వేలు, స్నేహితుడి దగ్గర చేబదులు అయిదు వేలు. ఆమె దాచింది ఒకటి: గ్రూపులో 40 వేలు. మొత్తం ఆరు పద్దులు, 2 లక్షల 46 వేలు. ఇద్దరూ మనసులో నాలుగైదు లక్షలనుకుని భయపడుతున్నారేమో! చీకట్లో తాడు పామైనట్టు, రాయని అప్పు ఎప్పుడూ పెద్దదిగానే కనిపిస్తుంది.

కొన్నిచోట్ల దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది. చిన్నదనుకున్నది పెద్దదని తేలుతుంది. నూటికి రెండు అంటే వినడానికి ఎంతో తక్కువ. సంవత్సరానికి అది 24 శాతం. ప్రోనోటుకు మూడేళ్ళు గడువు కాబట్టి, వడ్డీ కట్టకపోతే దాన్ని అసలులో కలిపి తిరగరాస్తారు. లక్ష మూడేళ్ళలో లక్షా 72 వేలు. మళ్ళీ తిరగరాస్తే ఇంకో మూడేళ్ళకు 2 లక్షల 95 వేల 840. ఆరేళ్ళలో మూడింతలకు దగ్గరగా వచ్చింది! రోజువారీ ఫైనాన్సు ఇంకా ఘాటు. పదివేలకు రాసుకుని చేతికి ఎనిమిదిన్నర వేలిచ్చి, రోజుకు వంద చొప్పున నూరురోజులు వసూలు చేస్తే, "పదిహేను వందలే కదా" అనిపిస్తుంది. కాని మీరు మొదటిరోజునుంచే తిరిగి కడుతున్నారు. సగటున మీ దగ్గరున్నది నాలుగు వేల చిల్లరే. లెక్కవేస్తే ఏడాదికి వడ్డీ 125 శాతం దాటుతుంది. ఈ లెక్క మీరే ఒకసారి కాగితం మీద చేసి చూడండి.

ముందు ఏది తీర్చాలి?

లెక్కల మేష్టారినడిగితే ఎక్కువ వడ్డీది ముందు తీర్చమంటారు. అది సరైనదే. కాని డాక్టరు దృష్టిలో ఇంకో సంగతి కూడా ఉంది. సింగపూరులో అప్పుల్లో మునిగిన 196 మంది పేదలకు ఒక ధర్మసంస్థ అప్పులు తీర్చింది. ఆ తరువాత వాళ్ళ ఆందోళన తగ్గింది, బుద్ధికి పెట్టిన పరీక్షల్లో మెరుగయ్యారు. 2019లో ప్రచురించిన ఈ పరిశోధనలో తేలినదేమిటంటే, ఎంత సొమ్ము తీరిందన్నదానికంటే ఎన్ని పద్దులు మూతపడ్డాయన్నది మనసుకు ముఖ్యం. ఒక లక్ష ఒకరికి ఇవ్వవలసి ఉండడంకన్నా పదిమందికి పదేసి వేలు ఉండడం ఎక్కువ బాధ. పదిమందిని తప్పించుకుని తిరగాలి కదా!

కాబట్టి నా సలహా ఇది. చిన్నవీ, వడ్డీ ఘాటుగా ఉన్నవీ ముందు మూసెయ్యండి. మన కొర్లగుంట జంటకు ప్రోనోటు వడ్డీ, నగల వడ్డీ, గ్రూపు కంతు కట్టాక నెలకు ఆరువేలు మిగిలాయనుకుంటే, యాప్ బాకీ, చేబదులు, అంగడి బాకీ మూడూ అయిదు నెలల్లో తీరిపోతాయి. ఆరు పద్దులు మూడవుతాయి. ఈలోగా నగలను సేటు దగ్గరనుంచి విడిపించి బ్యాంకులో పెట్టగలిగితే ఆ వడ్డీ సగానికి అటూఇటూగా తగ్గుతుంది. తీరిన పద్దును నోటుపుస్తకంలో ఇద్దరూ కలిసి కొట్టెయ్యండి. ప్రోనోటు తీర్చినప్పుడు ఆ కాగితం వెనక్కి తీసుకోవడం మరచిపోకండి. ఇది డాక్టరు చెప్పవలసిన మాట కాకపోయినా చెబుతున్నాను.

ఆ ఆరువేలు ఎక్కడినుంచి వస్తాయి? ఇక్కడే ఎవరి వంతు వారు చెప్పాలి. సిగరెట్లూ, బయట టిఫిన్లూ ఆయన మానుకోవచ్చు. పాట పాడి తీసిన చీటీ అయిపోయాక కొత్తది కట్టకుండా ఆమె ఆగవచ్చు. తోడల్లుడి ఇంట్లో గృహప్రవేశానికి వెండి గ్లాసే పెట్టాలా అని ఇద్దరూ ఆలోచించవచ్చు. కాని ఎదుటివారి ఖర్చును కత్తిరించే అధికారం ఎవరికీ లేదు. నెలకు ఇద్దరికీ చెరో రెండుమూడు వందలు లెక్క చెప్పనక్కరలేని డబ్బు ఉండనివ్వండి. అదీ లేకపోతే మళ్ళీ దాపరికం మొదలవుతుంది.

ఒక ఖర్చు మాత్రం తగ్గించకూడదు. అప్పుల్లో పడిన ఇంట్లో మొట్టమొదట కోతపడేది మందులకే. రోజుకు రెండు షుగరు మాత్రలు వేసుకోవలసినవాళ్ళు ఒకటే వేసుకుంటారు, బి.పి. మాత్ర రోజు విడిచి రోజు మింగుతారు. కొన్నేళ్ళకు మూత్రపిండాలు చెడి డయాలిసిస్ దాకా వస్తే ఆ ఖర్చుముందు ఇప్పటి అప్పు ఏపాటి? డబ్బు తక్కువైతే ఆ మాట డాక్టరుకు చెప్పండి. జనౌషధి దుకాణాల్లో అదే మందు చాలా చౌకగా దొరుకుతుంది. తిరుపతి రుయా వంటి ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ బి.పి., షుగరు మాత్రలు ఉచితంగానే ఇస్తారు. అడగడానికి సిగ్గుపడనక్కరలేదు.

సాయంకాలం ఒక గుక్క వేసుకుంటే దిగులు తగ్గుతుందనుకునే మగవాళ్ళకు ఒక మాట. సారాతో వచ్చేది మంచి నిద్ర కాదు. తెల్లవారుజామున మూడింటి మెలకువ దానివల్లనే మరింత ఖాయమవుతుంది. సీసా ఖర్చు సరేసరి.

భయపెట్టేవాళ్ళ సంగతి

బాధ్యత అంటే బెదిరింపులు భరించడమని అర్థం కాదు. వారం వారం వసూళ్ళ ఒత్తిడికి ప్రాణాలు పోయినందుకే 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్సు సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చింది, 2011లో అది చట్టమైంది. బ్యాంకులూ, ఫైనాన్సు కంపెనీల వసూలు మనుషులు ఉదయం 8 కి ముందు, సాయంత్రం 7 తరువాత ఫోను చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించింది. అప్పిచ్చే యాప్‌లు మీ ఫోనులోని పేర్ల జాబితా చూడకూడదని ఆ మరుసటి నెలలో నిబంధన పెట్టింది. ఫొటోలు మార్చి బంధువులకు పంపుతామని ఎవరైనా బెదిరిస్తే 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వండి. ఇంకో సంగతి. భర్త చేసిన అప్పుకు భార్య సంతకంగాని జామీనుగాని లేకపోతే చట్టరీత్యా ఆమె బాధ్యురాలు కాదు. కలిసి తీర్చుకోవడం మీ ఇద్దరి ఒప్పందం. అప్పులవాడు ఆమెను నిలదీయడానికి అది హక్కునివ్వదు. అలాగే భర్త కొట్టి, బెదిరించి ఆమె నగలు తీసుకెళ్ళడం "కలిసి బాధ్యత వహించడం" కిందికి రాదు.

అన్నం సహించక, ఎవరితోనూ మాట్లాడక, రెండు వారాలకు మించి దిగులుగా ఉన్నా, "నేను లేకపోతే మీకు పీడ వదులుతుంది" వంటి మాటలు వినిపించినా తేలిగ్గా తీసుకోకండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బా ఇంట్లో ఉంటే అక్కడినుంచి తీసేయండి. సూటిగా అడగండి, అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. టెలిమానస్ వారి 14416 నంబరుకు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మనసు డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇద్దరూ కలిసి వెళ్ళండి.

చివరగా చాలామంది అడిగే ప్రశ్న. "అప్పులు తీరిపోయాయి, నిద్ర పడుతోంది, ఇక బి.పి. మాత్రలు మానెయ్యవచ్చునా?" మీ అంతట మీరు మానకండి. దిగులువల్ల కొంచెం పెరిగిన రక్తపోటు దిగులుతోపాటు తగ్గవచ్చు. తగ్గకపోవచ్చు కూడా. రెండుమూడు వారాలపాటు వేర్వేరు రోజుల్లో కొలిపించుకుని, ఆ అంకెలు కూడా ఆ నోటుపుస్తకంలోనే వెనక పేజీలో రాసుకుని మీ డాక్టరుకు చూపించండి. తగ్గించాలో, అలాగే వాడాలో ఆయన చెబుతారు.