మానని పుండు

బాపట్ల జిల్లా నిజాంపట్నం రేవు నుండి వేకువనే వేటకు వెళ్లిన పడవలు ఎండ ముదిరిన తరువాత కూడా నడిసముద్రంలోనే ఉంటాయి. అక్కడ సూర్యకిరణాలు పైనుండి మాత్రమే పడవు. నీటిపై పరావర్తనం చెంది కిందినుండి కూడా ముఖాన్ని తాకుతాయి. తలపాగా నుదుటికి నీడనిస్తుంది గాని ముక్కును, కనురెప్పలను కాపాడలేదు. సరిగా ఆ భాగాలలోనే తరచుగా కనిపించే వ్యాధి బేసల్ సెల్ కార్సినోమా. ప్రపంచంలో అత్యధికంగా వచ్చే చర్మ క్యాన్సర్ ఇదే.

బాహ్యచర్మపు అట్టడుగు పొరలోని కణాలు నిరంతరం విభజన చెందుతూ కొత్త కణాలను పైకి పంపుతుంటాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఏళ్ల తరబడి సోకితే వాటిలోని డి.ఎన్.ఎ. దెబ్బతింటుంది. విభజనకు పగ్గం వేసే జన్యువులు చెడిపోగా కణాలు అదుపు తప్పి పెరుగుతాయి.

అయితే ఎండ అందరినీ ఒకే విధంగా బాధించదు. 17వ శతాబ్ది ఆరంభంలో డచ్చివారు ఈ రేవులో వర్తకం చేశారు. 1611లో ఆంగ్లేయుల గ్లోబ్ అనే ఓడ ఇక్కడికి వచ్చింది. ఆ తెల్లని చర్మానికి లేని రక్షణ మన చర్మంలోని మెలనిన్ అనే వర్ణద్రవ్యం కల్పిస్తుంది. అందుచేతనే ఈ వ్యాధి ఐరోపా జాతులవారిలో అధికం, మనలో అరుదు. అరుదు అన్న మాటను 'రాదు' అని అర్థం చేసుకోవడమే ప్రమాదం. మనవారిలో ఇది తరచు నల్లగా, మెరిసే చిన్న బొడిపెగా మొదలవుతుంది. చూసినవారు పుట్టుమచ్చ అనుకుంటారు. నొప్పి ఉండదు. కొన్నాళ్లకు నడిమి భాగం గుంటపడి, అంచు ఉబ్బెత్తుగా నిలుస్తుంది. కాస్త తగిలితే రక్తం చిమ్ముతుంది, పక్కు కడుతుంది, పక్కు రాలాక మళ్లీ పుండే. సున్నం, ఆకుపసరు పెడితే పైన మానినట్లు కనిపించినా లోపల పెరుగుదల ఆగదు.

క్యాన్సర్‌కు మన భాషలో రాచపుండు అని పేరు. వినగానే మృత్యుభయం కలిగించే ఆ పేరు ఈ వ్యాధికి అంతగా తగదు. 1827లో డబ్లిన్ నగర వైద్యుడు ఆర్థర్ జాకబ్ కనురెప్పల మీద వచ్చే ఈ పుండును వర్ణించాడు. తరువాతి వైద్యులు దీనిని ఎలుక కొరికినట్లు తినివేసే పుండు అన్నారు. ఆ పేరు మెరుగు. ఇది ఇతర అవయవాలకు పాకడం చాలా అరుదు. ఇసుకలో బొరియ తవ్వే పీత వలె ఉన్నచోటనే లోతుకు తవ్వుతుంది. కనుకొలకులో పుట్టిన దానిని ఏళ్లపాటు ఉపేక్షిస్తే కన్నును, ముక్కుపై పుట్టిన దానిని ఉపేక్షిస్తే మృదులాస్థిని, ఎముకను సైతం తినివేయగలదు.

కడలిపై బ్రతికేవారిని ఎండలోకి పోవద్దనడం అర్థంలేని సలహా. వెడల్పు అంచు టోపీ, నిండు చేతుల చొక్కా కొంత మేలు చేస్తాయి. అంతకన్నా ముఖ్యం, ముఖంపై నాలుగు వారాలకు మానని పుండును వెంటనే చర్మవైద్యునికి చూపడం. చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తే వ్యాధి నిర్ధారణ అవుతుంది. తొలిదశలో ఆ భాగానికి మాత్రమే మత్తు ఇచ్చి, చుట్టూ కొద్దిపాటి ఆరోగ్యకరమైన చర్మంతో సహా కోసి తీసివేస్తారు. అత్యధికులకు అంతటితో నయమవుతుంది. ఒకసారి వచ్చినవారికి మరొకచోట కొత్తగా వచ్చే అవకాశం ఉన్నందున, ఆ తరువాత కూడా ఏటేటా పరీక్ష చేయించుకోవలసి ఉంటుంది.